గండికోట నవాబు మీర్ జుమ్లా

మహానందికి దక్షిణముగా, కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున, పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని లోతైన గండిగా పాఱుచున్నది. ఆ గండి యొడ్డుననే గండికోట దుర్గము నిలిచియున్నది. మన ప్రాంతపు విద్యార్థులలో ననేకులు దానిని చూచియే యుందురు. పదునేడవ శతాబ్దమున ఆ కోటలో కొలువుదీర్చిన యొక పురుషుని పేరు పారశీకమునుండి అస్సాము వఱకు వ్యాపించెను. ఆతడే మీర్ జుమ్లా. ఆతని చరిత్రమున మనము నేర్చుకొనదగిన గుణములు పెక్కు గలవు. విడువదగిన దోషమును గలదు.

మొదట ఆతని కాలమును కొంత యెఱుగవలెను. తుపాకిమందును, ఫిరంగులను నమ్ముకొని ఆ యుగమున మూడు మహమ్మదీయ సామ్రాజ్యములు వర్ధిల్లెను. 1453వ సంవత్సరమున తురుష్క సుల్తాను రెండవ మహమ్మదు పెద్ద ఫిరంగులతో కాన్‌స్టాంటినోపిలు కోటగోడలను పగులగొట్టెను. 1514లో చాల్దిరాను యుద్ధమున ఆ తురుష్కుల ఫిరంగుల యెదుట పారశీక ప్రభువగు షా ఇస్మాయిలు గుఱ్ఱపుదండు నిలువజాలకపోయెను. 1526లో పానిపట్టున బాబరు విజయమునకును ఫిరంగులు మిక్కిలి తోడ్పడెను. మన దక్షిణదేశపు రాజులును ఈ విద్యను ఉపేక్షింపలేదు. 1520లో రాయచూరు ముట్టడియందు కృష్ణదేవరాయలకు పోర్చుగీసు తుపాకివాండ్రు సాయపడిరి. మీర్ జుమ్లా పారశీక సామ్రాజ్యమున బుట్టి, గోలకొండ సుల్తానుల కొలువున బెరిగి, మొగలు సామ్రాజ్య సేనాపతియై మరణించెను. కావున ఆ యుగచరిత్ర యంతయు ఈ యొక్కని జీవితమున ప్రతిబింబించుచున్నది.

ఆతని మొదటి పేరు మహమ్మదు సయీదు. 1591 ప్రాంతమున ఇస్ఫహాను చెంతనున్న అర్దిస్తానులో నొక పేద నూనెవర్తకుని యింట జన్మించెను. ఇంట ధనము లేదుగాని బాలుడు చదువును, లెక్కలను శ్రద్ధతో నేర్చెను. ఆ కొలది విద్యయే ఆతనికి వజ్రవర్తకునియొద్ద గుమాస్తాపని నిప్పించెను. గోలకొండ రాజ్యపు వజ్రముల కీర్తి యప్పటికే దేశదేశముల వ్యాపించియుండెను. మహమ్మదు సయీదు వర్తకుల వెంట సముద్రము దాటి గోలకొండకు వచ్చి, కొంతకాలమునకు తానే వజ్రవ్యాపారము సాగించి, గనులను గుత్తకు బట్టి, ఓడలను సంపాదించెను. తరువాత రాజోద్యోగమున బ్రవేశించి, మచిలీపట్టణపు పాలనాధికారము వహించి, తుదకు అబ్దుల్లా కుతుబ్ షాకు ప్రధానోద్యోగి యయ్యెను. మీర్ జుమ్లా యనునది ఆ యుద్యోగమునకు గల బిరుదము. లోకము అసలు పేరు మఱచి ఆ బిరుదముతోడనే ఆతనిని బిలువసాగెను.

ఆ దినములలో విజయనగర సామ్రాజ్యము శిథిలమై యుండెను. 1642లో సింహాసన మెక్కిన మూడవ శ్రీరంగరాయలు దానిని నిలువబెట్ట బ్రయత్నించెనుగాని, ఉత్తరమునుండి గోలకొండవారును, పడమటనుండి బిజాపురమువారును దండెత్తి రాగా నాయకులలో ఐకమత్యము లేకపోయెను. మీర్ జుమ్లా గోలకొండ సేనలను నడిపించుకొని వచ్చి ఒకదాని వెంట నొకటిగా దుర్గములను గైకొనెను. పెమ్మసాని వంశపు నాయకుల యేలుబడిలోనున్న గండికోట 1650లో ఆతని వశమయ్యెను. ఒకవైపు పెన్న గండియు, తక్కిన దిక్కుల దృఢమైన ప్రాకారమును గల ఆ దుర్గమును ఆతడు తన ముఖ్యస్థానముగా జేసికొనెను.

1652 సెప్టెంబరులో తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు గండికోటకు వచ్చెను. గోలకొండ సుల్తానునకు ముత్యములను అమ్మవచ్చినవాడు మొదట మీర్ జుమ్లాకు జూపవలసియుండుటయే ఆ రాకకు గారణము. అచట జూచినదాని నాతడు తన యాత్రాగ్రంథమున వ్రాసియుంచెను. మీర్ జుమ్లా గుడారమున గూర్చుండి, వచ్చిన జాబులను చేతివ్రేళ్ల సందులను, కాలివ్రేళ్ల సందులను ఇఱికించుకొని, ఒక్కొక్కదానిని దీసి లేఖకులకు ప్రత్యుత్తరములు చెప్పుచుండెనట. ఆ నడుమనే నేరస్థుల విచారణయు సాగుచుండెనట. రాజ్యమంతయు చేతిలోనున్నను పనిని పరులమీద వదలక తానే చూచుకొను శ్రద్ధ యాతనిది.

ఆ వర్తకుడే మఱియొక సంగతిని వ్రాసెను. మీర్ జుమ్లా పెద్ద ఫిరంగులు ఇరువది పోతపోయింపదలచెను. వానిలో పది నలువదియెనిమిది పౌనుల గుండ్లను, పది యిరువదినాలుగు పౌనుల గుండ్లను ప్రేల్చునవి. బూర్జ్ నగరమునుండి వచ్చిన మాయే యను ఫ్రెంచివాడు ఆ పనికి నియుక్తుడయ్యెను. ఇన్ని ఫిరంగులకు వలయు లోహ మెచటిది? నవాబు తాను గెలిచిన సీమలోని దేవాలయములనుండి తామ్రవిగ్రహములను దెప్పించెను. ఎందఱో స్థపతులు తరతరములుగా మైనముతో రూపు దిద్ది, మట్టి మూస గట్టి, కరగిన లోహము బోసి నిర్మించిన విగ్రహము లవి. అవి కొలిమిపాలయ్యెను. గండికోట గుడిలోని ఆఱు విగ్రహములు మాత్రము ఎంత ప్రయత్నించినను కరగలేదట. అది పూజారుల మంత్రమహిమ యని నవాబు వారిని బెదరించెనట. తుద కేమయ్యెను? పోసిన ఫిరంగులలో నొకటి పగిలెను. మఱియొకటి సగములో నిలిచిపోయెను. ఒక్క ఫిరంగియైన సిద్ధముగాలేదు. మాయే కొలువు విడిచి పోయెను. విగ్రహములు పోయెను; ఫిరంగులును రాలేదు.

దీనిని ఒక మతమువారు మఱియొక మతమువారికి జేసిన యపచారముగా మాత్రమే తలచుట సరికాదు. ఇటలీలో శిల్పకళ పునరుజ్జీవనము పొందిన కాలమున క్రైస్తవ ప్రభువులే తమ కళాఖండములకు ఇట్టి గతి పట్టించిరి. మిలాను ప్రభువు కొఱకు లియొనార్డో డా విన్సీ మహత్తరమైన కంచుగుఱ్ఱమును పోయ సంకల్పించి మట్టినమూనాను ముగించెను. 1494లో యుద్ధభయము గలుగగా, దానికై కూడబెట్టిన కంచును ఆ ప్రభువు ఫిరంగులకై ఫెరారాకు బంపివేసెను. 1499లో మిలానును బట్టుకొన్న ఫ్రెంచి సైనికులు ఆ మట్టిగుఱ్ఱమును గుఱిచేసి బాణములు వేసి పాడుచేసిరి. మైకెలాంజెలో పోసిన రెండవ జూలియసు పోపు కంచువిగ్రహము 1508లో బొలోన్యా నగరపు గొప్ప దేవాలయముఖమున నిలుపబడెను. నాలుగేండ్లు నిండకమునుపే, 1511లో, పోపు శత్రువులు దానిని పడద్రోసిరి. ఫెరారా ప్రభువు ఆ లోహముతో నొక ఫిరంగిని బోయించి, పరిహాసముగా దానికి పోపు పేరే పెట్టెను. ప్రతిమను పోయు విద్యయు, ఫిరంగిని పోయు విద్యయు ఒక్క కొలిమిలోనివే. యుద్ధతృష్ణ యెక్కువైనచోట తన దేవుడు, పరుల దేవుడు అను భేదమైనను మిగులదు.

మీర్ జుమ్లా తరువాతి జీవితము ఆ తృష్ణ వెంటనే నడచెను. సేవకుడు రాజును మించెనని అబ్దుల్లా కుతుబ్ షాకు వెఱపు గలిగెను. 1655లో ఆతడు మీర్ జుమ్లా కుమారుని బంధింపగా, మీర్ జుమ్లా మొగలుల యాశ్రయము గోరెను. 1656లో ఔరంగజేబు సేనలు గోలకొండను ముట్టడించెను. తనకు అన్నము పెట్టిన రాజ్యముపై పరుల దండు వచ్చుటకు ఆతడే నిమిత్తమయ్యెను. షాజహాను ఆతనికి మంత్రిపదవియు, మువజ్జంఖాను అను బిరుదమును ఒసగెను. వారసత్వ యుద్ధమున ఆతని ఫిరంగిదళము ఔరంగజేబునకు మిగుల నక్కఱకు వచ్చెను. 1659లో ఖజ్వా యుద్ధమున షూజాను గెలుచుటలో పాల్గొని, వంగదేశమున వానిని వెంటాడి, 1660లో ఆ దేశమునకు సుబేదారయ్యెను.

1661లో కూచ్ బీహారును గైకొన్నప్పుడు ఆతడు తన సైనికులను దోపిడి చేయనీయక కఠినముగా శాసించెను. ఇది ఆతని కీర్తికి దగినది. 1662 మార్చిలో అస్సాము రాజధానియగు గఢగావును బ్రవేశించెను. కాని వర్షములు కురిసి, నదులు పొంగి, దారులు మూసికొనెను. ఆహారము కఱవయ్యెను, రోగములు ప్రబలి వేలకొలది సైనికులు మడిసిరి. ఫిరంగులకు లొంగని శత్రువు వానయే యయ్యెను. 1663 ఆరంభమున సంధి గావించుకొని మరలిన మీర్ జుమ్లా రోగపీడితుడై, ఆ మార్చి నెలలోనే ఢక్కాకు జేరకముందే మరణించెను.

పేద నూనెవర్తకుని కొడుకు విద్యచేతను, శ్రమచేతను మంత్రియగుట సామాన్యము కాదు. ఆ శ్రద్ధ మన కాదర్శము. కాని ఆ శక్తినంతయు ఆతడు గెలుచుటకే వినియోగించెను. నిర్మించుట కంతగా వినియోగింపలేదు. ఆతడు గోరిన యిరువది ఫిరంగులు పుట్టనేలేదు. గండికోటలో నేడు మాధవరాయని గుడి, రంగనాథుని గుడి, మసీదు, ధాన్యాగారము ఒకే ప్రాకారములో దగ్గఱదగ్గఱగా నిలిచియున్నవి. అచటికి బోవు విద్యార్థులు ఆ ఱాళ్లను చెక్కిన పేరెఱుగని పనివాండ్రను స్మరింపవలెను. గోడలపై తమ పేళ్లు గీకి వారి కృషిని చెఱుపకుండవలెను.