వాల్తేరు సముద్రానికి లెక్క కట్టిన లాఫాండ్

మాచవరం: మండలానికి ఉత్తరపు అంచున పారే కృష్ణ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. పల్నాడు చేల మీద కురిసిన వాననీరు, దానితో కొట్టుకుపోయిన ఒండ్రు, ఎరువు కొంతైనా చివరకు చేరేది అక్కడికే. సముద్రంలోనూ ఒక పైరు పెరుగుతుందని, దానికీ ఎరువు కావాలని, అదునూ ఉందని మన తీరంలో ఓడ ఎక్కి కొలతలు తీసి చూపిన వారిలో మొదట చెప్పుకోవలసిన వ్యక్తి అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ సి. లాఫాండ్.

ఆ పైరు కంటికి ఆనదు. నీటిలో తేలియాడే అతి సూక్ష్మమైన మొక్కలివి. శాస్త్రజ్ఞులు వీటిని వృక్షప్లవకాలంటారు. వీటిలో గాజులాంటి సిలికా పెంకు గల డయాటంలు ముఖ్యమైనవి. ఎండను, నీటిలో కరిగిన నత్రజని, భాస్వరాలను వాడుకొని ఇవి పెరుగుతాయి. వీటిని చిన్న జీవులు, ఆ జీవులను చేపలు తింటాయి. కవ్వళ్ళు, నెత్తళ్ళు వలలో పడినా పడకపోయినా మూలం ఇక్కడే ఉన్నది.

లాఫాండ్ 1909లో జన్మించారు. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధనాలయంలో పనిచేసి, రెండవ ప్రపంచ యుద్ధానంతరం శాన్ డియాగోలోని అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో సముద్ర పరిశోధన సాగించారు. నీటి ఉష్ణోగ్రత లోతుతోబాటు ఎలా మారుతుందన్నది ఆయన ప్రధాన విషయం. నిజానికి ఆయన మొక్కల శాస్త్రజ్ఞుడు కాడు, నీటి శాస్త్రజ్ఞుడు. అయితే నీటి కదలిక తెలియకుండా ప్లవకాలను ఎన్ని సీసాల్లో పట్టి లెక్కించినా అవి ఎందుకు పెరిగాయో, ఎందుకు తరిగాయో తేలదు. వాల్తేరులో జరిగింది అదే.

1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యులుగా ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అప్పుడు ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు. భూగర్భశాస్త్ర శాఖకు ఆచార్య సి.మహాదేవన్, జంతుశాస్త్ర శాఖకు ఆచార్య పి.ఎన్.గణపతి పెద్దదిక్కుగా ఉండేవారు. సముద్రం గుమ్మం ముందే ఉన్నా పరిశోధనకు పంపేందుకు ఓడ లేదు. భారత నౌకాదళం తన ఓడలు రోహిల్‌ఖండ్, బెంగాల్‌లను ఈ పనికి ఇచ్చింది. వీటిలో బెంగాల్ సామాన్యమైన ఓడ కాదు. 1942లో హిందూ మహాసముద్రంలో తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను ఓడలను ఎదిరించి, తనతో ఉన్న చమురు ఓడను కాపాడుకున్న చరిత్ర దానిది. అటువంటి ఓడ మీద విద్యార్థులు నీళ్ళ సీసాలు దించారు. పొగబట్టించిన గాజుపలక మీద సూది గీతతో ఏ లోతున ఎంత వేడి ఉన్నదో చూపే పరికరాన్ని తీగకు కట్టి ముంచారు.

ఆ గీతలను చదవగా తేలిన విషయం ఇది. మార్చి నుంచి మే వరకు నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల పై నీరు గాలికి కుడివైపుకు, అంటే తీరం నుంచి లోపలికి తప్పుకుంటుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లని, ఉప్పదనం ఎక్కువగా ఉన్న నీరు లేచి వస్తుంది. మండు వేసవిలో ఒడ్డున నేల మాడిపోతుంటే సముద్రపు నీరు చల్లబడటానికి కారణం ఇదే. శరత్కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీచేసరికి పై నీరు తీరానికి నెట్టబడి కిందికి దిగుతుంది. అప్పటికి గంగా, మహానది, గోదావరి, కృష్ణల వరద నీరు పైన పల్చగా పరుచుకొని ఉంటుంది. లాఫాండ్ ఈ విషయాలను 1954లో ప్రకటించారు.

అడుగు నీరు ఉత్త చేతులతో రాదు. చచ్చి కిందికి దిగిన జీవుల నుంచి విడివడిన పోషకాలను మోసుకొస్తుంది. దుక్కి దున్నినపుడు అడుగు మట్టి పైకి వచ్చినట్లే ననుకోవచ్చు. ఆయన 1955లో రెండవసారి వచ్చారు. పి.వి.భావనారాయణతో కలసి, నీరు లేచే కాలంలో వాల్తేరు తీరపు నీటికి పోషకాలు తిరిగి చేరే తీరును 1957లో ప్రచురించారు. మరుసటి ఏడు గణపతి, డి.వి.సుబ్బారావు గార్లు లాసన్స్ బేలో ప్లవకాల పరిమాణంపై తమ పరిశోధన వెలువరించారు. 1969లో సుబ్బారావు ఆస్టీరియోనెల్లా జపోనికా అనే డయాటం విపరీతంగా పెరిగి వాల్తేరు వద్ద నీటి రంగే మారిన సంగతిని వివరించారు. ఒడ్డున నిలబడి చూసేవారికి ఆ పైరు కనిపించేది అలాంటి రోజులలోనే.

లాఫాండ్‌కు చిన్న సంగతులన్నా ఆసక్తే. సముద్రం మీద నురగ ఎందుకు కడుతుందన్న దానిపైనా భావనారాయణతో కలసి వ్యాసం రాశారు. నీటిపై నూనె పోసినట్లు నున్నగా కనిపించే చారలను పట్టుకొని, లోపల నడిచే అదృశ్యపు అలల జాడ తీశారు.

ఆయన చెప్పినదంతా సర్వత్రా వర్తించదని తరువాతి పరిశోధనలు చూపాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అడుగు నీరు లేవటం తీరం వెంబడి సుమారు 40 కిలోమీటర్ల పట్టీకే పరిమితమని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1991లో తెలిపారు. నదుల మంచినీరు మూతలా పైన పడి ఉండటంతో బంగాళాఖాతం లోపలి భాగంలో పోషకాలు పైకి రావటం కష్టం. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల దిగుబడి తక్కువ. నది ఎరువును మోసుకొచ్చేదీ, అడుగు ఎరువుకు అడ్డుపడేదీ ఆ నీళ్ళతోనే. తీరాన్ని ఆనుకొని అరుగులా ఉన్న లోతు తక్కువ నీటిలోనే పైరు దట్టం.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో ఆంటన్ బ్రూన్ ఓడ మీద లాఫాండ్ మళ్ళీ బంగాళాఖాతానికి వచ్చారు. ఒకప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విహారనౌకగా వాడిన ఓడ అది. తరువాత భార్య కేథరీన్‌తో కలసి బంగాళాఖాతపు ప్రవాహాలపై రాశారు. 2002లో కన్నుమూశారు. మన తీరానికి ఎదురుగా నీటి అడుగున ఉన్న మూడు లోయలకు 1964లో ఆయన వ్యాసంలో కనిపించే పేర్లు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ.