విలియం ఫెల్ప్స్ ఈనో

విలియం ఫెల్ప్స్ ఈనో (జూన్ 3, 1858 - డిసెంబర్ 3, 1945) అమెరికాకు చెందిన రహదారి నియమావళి రూపకర్త, రచయిత, దాత. నగర వీధులలో వాహనాల రాకపోకలను క్రమబద్ధం చేయడానికి 1903లో న్యూయార్క్ నగరం కోసం నియమాలను రూపొందించి, వాటిని అచ్చు వేయించి బండ్లు తోలేవారికి పంచిపెట్టించాడు. రహదారి భద్రతకు పితామహునిగా ఈయన ప్రసిద్ధుడు. వీధి ఎంత వెడల్పుగా ఉన్నా, దానిపై నడిచేవారందరికీ ఒకే నియమం తెలియకపోతే ప్రయోజనం లేదన్నది ఈయన జీవితకాలపు వాదన. ఇన్ని నియమాలు వ్రాసిన ఈనో తాను మాత్రం ఎన్నడూ కారు నడపడం నేర్చుకోలేదు.

నేడు తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలలో లెర్నర్ లైసెన్సు (ఎల్.ఎల్.ఆర్.) కోరేవారు వాహనం నడిపి చూపడానికి ముందు రహదారి గుర్తులపై పరీక్ష వ్రాయవలసి ఉంటుంది. బండి పగ్గం పట్టేవాడికి ముందుగా నియమం తెలిసి ఉండాలనే ఆలోచనను నగర పాలనలో ఆచరణలోకి తెచ్చిన తొలితరం వారిలో ఈనో ముఖ్యుడు.

జననం, కుటుంబం

ఈనో న్యూయార్క్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఏమస్ రిచర్డ్స్ ఈనో స్థిరాస్తి వ్యాపారి. న్యూయార్క్‌లో పేరుపొందిన ఫిఫ్త్ ఎవెన్యూ హోటలును కట్టించినది ఇతడే. తల్లి లూసీ జేన్ ఫెల్ప్స్. అమెరికా అటవీ శాఖకు తొలి అధిపతిగా, తరువాత పెన్సిల్వేనియా గవర్నరుగా పనిచేసిన గిఫర్డ్ పించో ఈనోకు స్వయానా మేనల్లుడు. ఈనో యేల్ విశ్వవిద్యాలయంలో చదివి 1882లో పట్టభద్రుడయ్యాడు. అనంతరం కుటుంబ వ్యాపారంలో చేరాడు.

1867 నాటి సంఘటన

ఈనోకు తొమ్మిదేళ్ళ వయసులో, 1867లో, తల్లితో కలిసి గుర్రపుబండిలో వెళుతుండగా న్యూయార్క్‌లోని బ్రాడ్వే వీధిలో బండ్లు చిక్కుపడి నిలిచిపోయాయి. అక్కడ ఉన్నవి సుమారు డజను బండ్లు మాత్రమే. అప్పటికి మోటారు వాహనాలు వాడుకలోకి రాలేదు. ఎవరు ముందు కదలాలో, ఎవరు ఆగాలో బండి తోలేవారికి గానీ, పోలీసులకు గానీ తెలియకపోవడమే ఆ చిక్కుకు కారణమని ఈనో పెద్దయ్యాక తన రచనలలో వివరించాడు. రద్దీ అనేది వాహనాల సంఖ్య వలన మాత్రమే కాక నియమం లేకపోవడం వలన కూడా పుడుతుందన్న ఈయన సిద్ధాంతానికి ఈ సంఘటనే పునాది.

నియమావళి రూపకల్పన

తండ్రి 1898లో మరణించాడు. మరుసటి సంవత్సరం ఈనో వ్యాపారం నుండి తప్పుకొని వీధుల రాకపోకల సమస్యపై పూర్తిగా దృష్టి పెట్టాడు. 1900లో ది రైడర్ అండ్ డ్రైవర్ అనే పత్రికలో, వీధుల రాకపోకలలో సంస్కరణ తక్షణ అవసరమని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. ఆ తరువాత న్యూయార్క్ పోలీసు శాఖతో సంప్రదింపులు జరిపి, 1903లో నాలుగు పేజీల నియమావళిని సిద్ధం చేశాడు. నగర స్థాయిలో అమలైన తొలి ట్రాఫిక్ నియమావళిగా దీనిని పేర్కొంటారు.

ఆ నియమావళిలోని ముఖ్యాంశాలు:

- వాహనాలు రోడ్డుకు తమ కుడి పక్కగా పోవాలి.
- నెమ్మదిగా పోయే బండ్లు కాలిబాట అంచుకు దగ్గరగా నడవాలి. వేగంగా పోయేవి వాటిని ఎడమ పక్కగా దాటాలి.
- వేగం తగ్గించేటప్పుడు, ఆపేటప్పుడు చేతిని గానీ చర్నాకోలను గానీ నిలువుగా పైకెత్తి వెనుక వచ్చేవారికి తెలపాలి.
- మలుపు తిరిగేటప్పుడు తిరగబోయే దిక్కును చేతితో చూపాలి.
- అగ్నిమాపక, పోలీసు, అంబులెన్సు వాహనాలకు దారి ఇవ్వాలి.

ఈ నియమాలలో క్లిష్టమైనది ఏదీ లేదు. వీటిని పుస్తకాలలో దాచక, కరపత్రాలుగా అచ్చు వేయించి జట్కాలు, సరకు బండ్లు తోలేవారి చేతికి అందించడంలోనే ఈనో ప్రత్యేకత ఉంది. నెమ్మదిగా పోయే బండ్లు పక్కగా నడవాలని తెలిపే నీలం, తెలుపు ఎనామెల్ పలకలను కూడా వీధులలో పెట్టించాడు. తెలిసిన నియమాన్ని పోలీసులు అందరికీ ఒకే విధంగా వర్తింపజేయాలని, తెలియని నియమానికి శిక్ష వేయడం వలన మేలు జరగదని ఈయన అభిప్రాయం.

వలయాకారపు కూడళ్ళు

కూడలి మధ్యలో ఒక దిమ్మె ఉంచి, వాహనాలన్నీ దాని చుట్టూ ఒకే దిక్కుగా తిరిగేలా చేస్తే ఎదురెదురుగా ఢీకొనే ప్రమాదం తగ్గుతుందని ఈనో వాదించాడు. 1905లో న్యూయార్క్‌లోని కొలంబస్ సర్కిల్ వద్ద ఈ పద్ధతి అమలులోకి వచ్చింది. పన్నెండు వీధులు కలిసే ప్యారిస్‌లోని ఎత్వాల్ కూడలిలో 1907లో ఇటువంటి ఏకదిశా పద్ధతి ప్రవేశపెట్టారు. అయితే ప్యారిస్ విషయంలో ఫ్రెంచి వాస్తుశిల్పి యూజీన్ ఎనార్ కృషి కూడా ముఖ్యమైనది. ఈనో లండన్, ప్యారిస్ నగరాల రాకపోకలపై కూడా ప్రణాళికలు తయారు చేశాడు.

వాహనాలను ఆపి, వదిలే విధానం కంటే అవి ఆగకుండా వలయంలో కదిలే విధానమే మేలని ఈనో నమ్మాడు. మోటారు వాహనాలు పెరిగిన కొద్దీ నగరాలు దీపాల సిగ్నళ్ళ వైపు మొగ్గడంతో ఈ విషయంలో ఈయన మాట అంతగా చెల్లలేదు. వలయంలో ఉన్న వాహనానికే ముందు హక్కు అన్న నియమం లేని చోట్ల పెద్ద వలయాలు రద్దీ వేళ బిగుసుకుపోయేవి. బ్రిటన్ 1966లో ఈ నియమాన్ని స్పష్టం చేసిన తరువాత వలయాకారపు కూడళ్ళకు మళ్ళీ ఆదరణ వచ్చింది.

ఈనోకు ఆపాదించే ఆవిష్కరణలు

స్టాప్ గుర్తు, పాదచారుల దాటుదారి, ఏకదిశా వీధి, టాక్సీ స్టాండు, రోడ్డు మధ్య పాదచారులు నిలిచే దిమ్మె మొదలైనవన్నీ ఈనో ఆవిష్కరణలుగా చెబుతుంటారు. వీటిలో చాలావాటిని ఈయన ప్రచారంలోకి తెచ్చిన మాట నిజమే గానీ, అన్నింటికీ ఈయనే మూలం అనుకోవడం సరికాదు. స్టాప్ గుర్తు పలకను 1915లో డెట్రాయిట్ నగరంలో నిలిపారు. రోడ్డు మధ్య గీతను 1911లో మిషిగన్ రాష్ట్రంలోని వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ వేయించాడు.

ఈనో పెట్టించిన పలకలపై ఉన్నవి అక్షరాలు. చదువు రానివారికి, పరభాష వారికి కూడా అర్థమయ్యే బొమ్మల గుర్తులు ఐరోపాలో రూపుదిద్దుకున్నాయి. 1909లో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ఒప్పందంలో ఎగుడుదిగుడు, మలుపు, అడ్డరోడ్డు, రైల్వే గేటు అనే నాలుగింటికి గుర్తులు నిర్ణయించారు. నేటి రహదారి గుర్తులు ఈ రెండు పాయల కలయిక. బొమ్మ ఐరోపా నుండి రాగా, ఆ బొమ్మను నియమంగా నేర్పి అమలు జరిపే పద్ధతి ఈనో వంటివారి నుండి వచ్చింది.

రచనలు, సంస్థ

ఈనో 1909లో వీధుల రాకపోకల నియంత్రణపై గ్రంథం ప్రచురించాడు. 1899 నుండి 1920 వరకు తాను చేసిన కృషిని వివరించే గ్రంథం 1920లోనూ, 1939 వరకు గల చరిత్రను తెలిపే గ్రంథం 1939లోనూ వెలువడ్డాయి. 1921లో తన సొంత ధనంతో కనెక్టికట్ రాష్ట్రంలో ఈనో ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఈనో మరణానంతరం, 1947లో, ఈ సంస్థ ట్రాఫిక్ క్వార్టర్లీ అనే పత్రికను ప్రారంభించింది. ప్రస్తుతం ఇది ఈనో సెంటర్ ఫర్ ట్రాన్స్‌పోర్టేషన్ పేరుతో వాషింగ్టన్ కేంద్రంగా పనిచేస్తున్నది.

ఈనోకు గుర్రాలన్నా, గుర్రపు స్వారీ అన్నా ప్రీతి. మోటారు కారుపై పెద్దగా నమ్మకం ఉండేది కాదు. ప్రయాణాలకు డ్రైవరుపైనే ఆధారపడేవాడు. 1945 డిసెంబర్ 3న తన 87వ యేట మరణించాడు.

భారతదేశంలో రహదారి గుర్తులు

భారతదేశపు నియమాలు ఈనో నియమావళి నుండి నేరుగా వచ్చినవి కావు. అవి బ్రిటిష్ పాలన నాటి చట్టాల ద్వారా, తరువాత అంతర్జాతీయ ఒప్పందాల ద్వారా రూపొందాయి. 1914, 1939 సంవత్సరాల మోటారు వాహనాల చట్టాల తరువాత, 1988 నాటి చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. రహదారి గుర్తులపై 1968 నాటి వియన్నా ఒప్పందంలో భారతదేశం 1980లో చేరింది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గుర్తుల కొలతలు, రంగులు, దూరాలపై ప్రమాణాలను ప్రచురిస్తుంది.

లెర్నర్ లైసెన్సు పరీక్షకు నేర్చుకోవలసిన గుర్తులు మూడు తరగతులు:

- తప్పనిసరిగా పాటించవలసినవి: ఇవి ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి. ఎర్ర అంచు నిషేధాన్ని, నీలిరంగు చేయవలసిన పనిని తెలుపుతాయి. ఎనిమిది పలకల స్టాప్, తలక్రిందులైన త్రికోణపు దారి ఇవ్వండి గుర్తులు కూడా ఈ తరగతిలోనివే.
- హెచ్చరిక గుర్తులు: ఎర్ర అంచు గల త్రికోణాలు. మలుపు, ఇరుకు వంతెన, పాఠశాల, రైల్వే గేటు మొదలైనవి.
- సమాచార గుర్తులు: దీర్ఘచతురస్రాకార పలకలు. ఆసుపత్రి, పెట్రోలు బంకు, ఊళ్ళ దూరాలు మొదలైనవి.

రోడ్డు మీది గీతలు కూడా పాఠంలో భాగమే. తెగిన గీతను జాగ్రత్తగా దాటవచ్చు. జంట నిండు గీతలను ఏ వైపు వారూ దాటరాదు. ఒకటి నిండుగా, మరొకటి తెగి ఉన్నచోట తెగిన గీత వైపు ఉన్నవారు మాత్రమే దాటవచ్చు. స్టాప్ గీతకు ముందే వాహనం ఆగాలి.

ఆపేటప్పుడు కుడి ముంజేతిని నిలువుగా ఎత్తాలన్నది 1989 నాటి భారత రోడ్డు నియమాలలో కనిపిస్తుంది. చర్నాకోలను పైకెత్తాలన్న 1903 నాటి న్యూయార్క్ నియమానికి ఇది చాలా దగ్గరగా ఉండటం గమనార్హం. 2017లో ఆ నియమాల స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ మూడు పట్టణాలు ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్ళగా తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. ధాన్యపు ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, సైకిళ్ళు, ఆటోలు, బస్సులు ఒకే రోడ్డును పంచుకునే ఈ ప్రాంతం, వేగంలో తేడా గల వాహనాలను విడదీయాలన్న ఈనో సమస్యకు సరైన ఉదాహరణ. అమెరికాలో కుడి పక్క పాటించే క్రమం ఇక్కడ ఎడమ పక్కకు మారుతుంది. నెమ్మదిగా పోయే బండి ఎడమ అంచున నడవాలి, వేగంగా పోయేది కుడి పక్కగా దాటాలి. కూడలి దిమ్మె చుట్టూ గడియారపు ముల్లు దిశలో తిరగాలి. ఆంధ్రా ప్యారిస్‌గా పేరుపొందిన తెనాలిలో వాహనాలు తిరిగే దిక్కు అసలు ప్యారిస్‌కు సరిగ్గా వ్యతిరేకం.

తెనాలి నుండి రేపల్లెకు రైలుమార్గం ఉంది. రైల్వే గేటుకు సంబంధించిన గుర్తులు రెండు. కంచె తలుపు బొమ్మ కాపలా గల గేటును, రైలింజను బొమ్మ కాపలా లేని దానిని తెలుపుతాయి. కాపలా లేని చోట వాహనాన్ని ఆపి, సహాయకుడు గానీ, లేనిచో డ్రైవరే గానీ దిగి వెళ్ళి, రెండు వైపులా రైలు రావడం లేదని చూచుకొనిన తరువాతనే దాటాలని చట్టం 131వ సెక్షను చెబుతుంది. బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి దేశమంతటా తొలగించారు. అయినా ఈ జాగ్రత్తలు తెలిసి ఉండటం లెర్నర్ పరీక్షలో భాగం.

కత్తిపూడి నుండి ఒంగోలు వరకు సాగే 216వ నంబరు జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల ప్రాంతం మీదుగా పోతుంది. పెనుమూడి - పులిగడ్డ వంతెన వచ్చిన తరువాత కృష్ణానది ఆవలి దివిసీమ వాహనాలు నేరుగా ఇటు రాగలుగుతున్నాయి. నిజాంపట్నం హార్బరు నుండి చేపల లారీలు, సూర్యలంక సముద్రతీరానికి దూరప్రాంతాల యాత్రికుల వాహనాలు ఇదే ప్రాంతంలో తిరుగుతుంటాయి. ఊరివారికి ఏ మలుపు ఎక్కడ ఉందో, ఏ కాలువ వంతెన ఇరుకో అలవాటుగా తెలుసు. కొత్తవారికి ఆ సంగతి చెప్పేది రోడ్డు పక్క నిలిపిన పలక ఒక్కటే. ఊరివారు కూడా ఎదుటి కొత్త డ్రైవరు ఏమి చేయబోతాడో ఊహించగలిగేది అతడు అదే నియమం నేర్చుకున్నాడన్న నమ్మకంతోనే. పరీక్ష కోసం గుర్తులను బట్టీ పట్టి, లైసెన్సు చేతికి రాగానే మరచిపోతే ఆ నమ్మకం తప్పుతుంది, దాని ఫలితం ప్రాణనష్టం వరకు వెళుతుంది.

1867లో బ్రాడ్వేలో చిక్కుకున్న డజను బండ్ల వద్ద లోపించినది ఈ ఉమ్మడి తెలివిడే. దానిని ఒక నగరానికి నేర్పడానికి ఈనో తన జీవితంలో సగభాగం వెచ్చించాడు.