మారిస్ స్టోక్స్

నాకు బాగా నచ్చిన బాస్కెట్‌బాల్ ఆటగాడి గురించి రాస్తున్నాను.

మారిస్ స్టోక్స్ 1933లో అమెరికాలోని ర్యాంకిన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో పుట్టాడు. ఎన్‌.బి.ఎ. లీగ్‌లో నల్లజాతివాళ్ళను 1950 నుంచే ఆడనిచ్చారు. స్టోక్స్ పెద్ద ఆటగాడు కావాలని పట్టుదలగా ఆడి, 1955లో రాయల్స్ జట్టులో చేరాడు. మొదటి ఏడే ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. తరువాతి ఏడు 1,256 రీబౌండ్లు పట్టి రికార్డు పెట్టాడు. తోటివాళ్ళకు బంతి అందించడంలోనూ ముందుండేవాడు.

1958 మార్చి 12న మ్యాచ్‌లో కిందపడి, తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పాడు. తేరుకున్నాక మళ్ళీ ఆడించారు! మూడు రోజుల తర్వాత విమానంలో జబ్బుపడ్డాడు. ఒళ్ళంతా చచ్చుబడిపోయింది, మాట కూడా పోయింది. అప్పటికి వయసు 24 ఏళ్ళే.

అదే జట్టులోని జాక్ ట్వైమన్ తెల్లజాతివాడు. ఆయన స్టోక్స్‌కి చట్టప్రకారం సంరక్షకుడయ్యాడు. ఆస్పత్రి ఖర్చుల కోసం ఏటా పేరున్న ఆటగాళ్ళను పిలిచి మ్యాచ్ పెట్టించాడు. ట్వైమన్ అక్షరాలు ఒక్కొక్కటే చదువుతుంటే స్టోక్స్ కనురెప్ప ఆర్పి మాట చెప్పేవాడు. ఇలా 12 ఏళ్ళు చూసుకున్నాడు. స్టోక్స్ 1970లో చనిపోయాడు. 2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

మన టీంలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే ఆట ఆపేద్దాం, వార్డెన్ సార్‌కి చెబుదాం. కప్పు మళ్ళీ ఏడు గెలవచ్చు.