పిల్లల తోట వేసిన పాదిరిగారి కుమారుడు

బెంగుళూరులోనైనా, బరంపురములోనైనా, షోలాపూరులోనైనా బిడ్డకు మూడేళ్లు దాటగానే ఎల్.కె.జి. సీటు కొరకు మనము పరుగులు తీస్తాము. ఆ మధ్యనున్న ‘కె’ అక్షరము కిండర్‌గార్టెన్ అను జర్మను మాటలోనిది. పిల్లల తోట అని దాని అర్థము. ఆ పేరు పెట్టినవారు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ గారు.

వీరు 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియా కొండప్రాంతములో ఒక లూథరన్ పాదిరిగారి ఇంట పుట్టారు. తొమ్మిది నెలల బిడ్డగా ఉండగానే తల్లి మరణించింది. తండ్రికి సంఘపు పనితో తీరిక లేదు. సవతి తల్లికి సొంత బిడ్డ కలిగిన తరువాత ఇతని ఆలనపాలన తగ్గిపోయింది. పదేళ్లప్పుడు మేనమామ తీసికొనిపోయి చదివించారు. కొంతకాలము అడవుల పని నేర్చి, ఇండ్లు కట్టే విద్య కొరకు 1805లో ఫ్రాంక్‌ఫర్టు వెళ్లి, అక్కడ బడిపంతులై స్థిరపడ్డారు. స్విట్జర్లాండులో పెస్టలోజీ గారి బడిలో రెండేళ్లున్నారు. తరువాత కైల్‌హౌ గ్రామములో తమ సొంత బడి నడిపారు.

అసలు పని 55 ఏళ్ల వయస్సులో, 1837లో బ్లాంకెన్‌బర్గు పట్టణములో మొదలైనది. బడి ఈడు రాని చిన్నవారి కొరకు ఆట వస్తువులు తయారుచేసి, వాటికి కానుకలు అని పేరు పెట్టారు. మనకు కానుక అనగానే ఆదివారపు సంచి గుర్తుకు వస్తుంది గాని, ఈ కానుకలు పిల్లలకిచ్చేవి. మొదటిది ఆరు రంగుల ఊలు బంతులు. దారము కట్టి ఊపితే పైకి, క్రిందికి, దగ్గర, దూరము అను మాటలు బిడ్డకు ఆటలోనే వచ్చేస్తాయి. రెండవది చెక్క గోళము, ఘనము, స్తూపము. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోయే ఒక పెద్ద ఘనము. వాటితో పిల్లవాడు కుర్చీ కట్టవచ్చు, నాలుగు రెండ్లు ఎనిమిదని లెక్క చూడవచ్చు, ముగ్గువలె పేర్చవచ్చు. ఆట ముగిసిన తరువాత అన్నిటినీ మరల ఒక్క ఘనముగా చేర్చి పెట్టెలో పెట్టవలెను. తోటలో ప్రతి బిడ్డకు సొంత మడి ఒకటి, అందరికీ కలిపి మరొకటి. పాటలకు వ్రేళ్లతో అభినయము కూడ ఉండేది. మన సండేస్కూలు టీచరమ్మలు చేయించే చేతి పాటలకు ఇవి దగ్గర చుట్టములు.

1840లో కిండర్‌గార్టెన్ అను పేరు స్థిరపడినది. స్త్రీలకు తర్ఫీదునిచ్చి ఈ పనిలో నిలబెట్టారు. ఆ రోజులలో అది సామాన్యమైన సంగతి కాదు.

ఆయన గ్రంథములు చదువుట మాత్రము కష్టమే. గోళములోను ఘనములోను ఆయన చూచిన తత్త్వమంతా మనము ఒప్పుకొననక్కరలేదు. అయితే సృష్టి అంతటినీ ఒకటిగా పట్టియుంచువాడు దేవుడేనని ఆయన గట్టిగా నమ్మారు. అటువంటివాని మీద నాస్తికత్వపు నింద పడినది! 1851 ఆగస్టులో ప్రష్యా ప్రభుత్వము ఈ బడులు నాస్తికత్వమును, సామ్యవాదమును నూరిపోస్తున్నవని నిషేధించింది. అన్న కుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ వ్రాతలను ఈయన వ్రాతలతో కలిపివేసి పొరబడ్డారు. అది పొరపాటని మనవి చేసికొన్నా ప్రభుత్వము వినలేదు. మరుసటి ఏడు జూన్ 21న, నిషేధము తొలగకముందే, ఆయన కన్నుమూశారు. 1860లో నిషేధము ఎత్తివేశారు.

నాలుగేళ్ల బిడ్డకు నోటుబుక్కు నిండా హోంవర్కు ఇచ్చే బడికి ఈయన పెట్టిన పేరు ఎట్లు తగునో మాకు అర్థము కాదు. ష్వైనా గ్రామములో ఆయన సమాధి మీద రాతితో మలచి నిలిపినవి మూడే: క్రింద ఘనము, నడుమ స్తూపము, పైన గోళము.