చెవి చూసి చిత్రకారుడి పేరు చెప్పిన డాక్టరు

ఇటలీ దేశస్థుడు జొవాన్నీ మొరెల్లి డాక్టరు చదువు చదివాడు గాని వైద్యవృత్తి చేపట్టలేదు. మనిషి శరీరం గురించి నేర్చిన విద్యను బొమ్మల మీద ప్రయోగించాడు. మూడు నాలుగు వందల ఏళ్ల నాటి, సంతకం లేని చిత్రాన్ని ఎవరు వేశారో చెవి తమ్మె, గోరు, బొటనవేలి మొదలు చూసి చెప్పేవాడు. యూరపులోని గొప్ప గొప్ప చిత్రశాలలు బొమ్మల కింద రాసుకున్న పేర్లను ఆయన మాట మీద చెరిపి మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

మొరెల్లి 1816లో వెరోనా పట్టణంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో తల్లి బెర్గామో పట్టణానికి తీసుకువచ్చింది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని చూసి ముక్కున వేలేసుకున్నవారు మన పల్లెల్లో చాలామందే ఉన్నారు. దాన్ని చెక్కిన బెంజోనీ కూడా ఆ బెర్గామో ప్రాంతంవాడే. ఆ విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నారు. చెక్కినవాడెవరో తెలిసి ఉండటం ఆ విగ్రహం చేసుకున్న అదృష్టం. అంతకు ముందు కాలపు బొమ్మలు చాలావాటికి ఆ అదృష్టం లేదు.

ఆ రోజుల్లో చిత్రకారులు చాలామంది తమ పని మీద పేరు రాసుకునేవారు కారు. ఒక గురువు దగ్గర పదిమంది శిష్యులుండేవారు. ముఖం గురువు వేస్తే బట్టలు శిష్యుడు వేసేవాడు. పేరు పొందిన బొమ్మకు నకళ్లు తీసేవారు. తరువాత అది పది చేతులు మారేది. అమ్మేవాడు ధర కోసం పెద్ద పేరు తగిలించేవాడు. కొన్నవాడు పరువు కోసం ఆ పేరే నిలుపుకునేవాడు. ఇలా రాజుల కోటల్లో చేరిన బొమ్మల పేర్లలో నిజమెంతో, కల్పన ఎంతో ఎవరికీ తెలియకుండా పోయింది.

మొరెల్లి కుటుంబం ప్రొటెస్టెంటు మతం వారిది. చదువు స్విట్జర్లాండులోనూ, తరువాత జర్మనీలోనూ సాగింది. మ్యూనిక్‌లో వైద్యం చదువుతూ, జంతువుల ఎముకలను, అవయవాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి చూసే శాస్త్రం మీద మనసు పెట్టాడు. ఒక్క ఎముకను బట్టి అది ఏ జాతి జంతువుదో చెప్పే శాస్త్రం అది. ఆయన తరువాత చేసిన పనికంతటికీ మూలం అక్కడే ఉంది.

ఆ కిటుకు మనకు అర్థం కానిదేమీ కాదు. పాత కరణాల దస్తూరీ ఎరిగిన పెద్దలు దస్తావేజు చూడగానే ఇది ఫలానా వారి చేతి రాత అనేవారు. దొంగ దస్తావేజు పుట్టించేవాడు సంతకం దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడు. మధ్యలో వచ్చే కొమ్ము, దీర్ఘం దగ్గర మాత్రం తన అలవాటు బయటపడుతుంది. మొరెల్లి చెప్పింది కూడా ఇదే. బొమ్మలో ముఖం, కళ్లు, నిలబడే తీరు అందరూ శ్రద్ధగా వేసేవి. నకలు తీసేవాడు కూడా వాటినే జాగ్రత్తగా దించుతాడు. కనుక వాటిని నమ్మరాదు. చెవి, గోరు, అరచేతి మడత దగ్గర ఎవరి చేయి వారి అలవాటున పోతుంది. బొట్టిచెల్లి అనే చిత్రకారుడి బొమ్మల్లో వేళ్లు ఎముకలు తేలి ఉంటాయి, గోళ్లు నలుచదరంగా నల్లటి అంచుతో ఉంటాయి అని ఆయన చూపించాడు. ఒక్కొక్క చిత్రకారుడు వేసే చెవులను, చేతులను వరసగా గీయించి పుస్తకంలో అచ్చు వేయించాడు. దేవతామూర్తుల బొమ్మలున్న చోట చెవులు, గోళ్లు అచ్చు వేసిన పుస్తకాన్ని చూసి పండితులు కొందరు నవ్వారు.

చదువు ముగిసిన తరువాత మొరెల్లి జీవితం బొమ్మలకే అంకితమై పోలేదు. అప్పట్లో ఉత్తర ఇటలీ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. 1848లో మిలాన్‌లో జనం తిరగబడినప్పుడు ఆయన అందులో పాల్గొన్నాడు. తిరుగుబాటు ప్రభుత్వం తరఫున జర్మనీకి దూతగా వెళ్లాడు. 1861లో ఇటలీ ఒక్క రాజ్యమైనప్పుడు బెర్గామో నుంచి మొదటి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1873లో సెనేటరయ్యాడు.

ఆయన దేశానికి చేసిన మేలుల్లో పెద్దది 1861 నాటిదేనని ఈ విలేఖరి అభిప్రాయం. ఉంబ్రియా, మార్కే ప్రాంతాల్లో మఠాలను రద్దు చేసి ఆస్తులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటున్న సమయమది. కొండల మీది చిన్న ఊళ్ల గుళ్లలో కూడా మహామహులు వేసిన చిత్రాలుండేవి. విదేశీ వర్తకులు డబ్బు సంచులతో తిరుగుతున్నారు. ప్రభుత్వం మొరెల్లిని, కవల్కసెల్లె అనే మరో పండితుణ్ణి పంపింది. వారిద్దరూ ఊరూరా తిరిగి ఏ గుడిలో ఏ బొమ్మ ఉంది, ఎవరు వేసింది, విలువెంత అని జాబితా రాశారు. జాబితా లేని సొత్తు పోయినా పోయిందని చెప్పే దిక్కుండదు. మన శిథిలాలయాల విగ్రహాల సంగతి ఎరిగిన వారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే బొమ్మలు దేశం దాటిపోకూడదన్న ఈ మనిషే ఇంగ్లీషు స్నేహితులకు బొమ్మలు కొనుక్కోవడానికి సలహా ఇచ్చేవాడు. నినెవే తవ్వకాలతో పేరు పొందిన లేయర్డ్ ఆయన సాయంతోనే చిత్రాలు సేకరించాడు. అవి 1916లో లండను నేషనల్ గ్యాలరీకి చేరాయి. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా కుదిరాయన్నది ఇప్పటికీ విమర్శకులు అడిగే ప్రశ్నే.

యాభై ఎనిమిదేళ్ల వయసులో, 1874 నుంచి, మొరెల్లి జర్మన్ పత్రికలో వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. సొంత పేరు పెట్టలేదు. తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి, రష్యా తోక తగిలించి, ఇవాన్ లెర్మోలియెఫ్ అని పెట్టుకున్నాడు. దాన్ని జర్మన్‌లోకి తెచ్చినవాడు ష్వార్త్సే అని మరో పేరు కల్పించాడు. జర్మన్‌లో ఆ మాటకు నలుపు అని అర్థం. ఇటాలియన్‌లో మోరో అన్నా అదే అర్థం. ఇతరుల అసలు పేర్లు బయటపెట్టేవాడు తన పేరు దాచుకోవడం తమాషాయే. ఎవరో రష్యావాడు రాశాడని చాలామంది నమ్మారు. మ్యూనిక్, డ్రెస్డెన్, బెర్లిన్ చిత్రశాలల మీద పుస్తకం 1880లో వచ్చింది.

అందులో గొప్ప సంచలనం కలిగించింది డ్రెస్డెన్‌లోని నిదురించే వీనస్ దేవత చిత్రం. 1699లో సాక్సనీ పాలకుడు అగస్టస్ కోసం కొన్నప్పుడు అది జార్జొనే వేసినదే అన్నారు. కాలక్రమాన ఆ పేరు చెరిగిపోయింది. టిషియన్ బొమ్మకు సస్సొఫెర్రాతో తీసిన నకలు అని జాబితాకెక్కింది. నకలు కనుక పట్టించుకున్నవారు లేరు. మొరెల్లి దాన్ని చూసి ఇది నకలు కాదు, వెనిస్ చిత్రకారుడు జార్జొనే చేతి పని అన్నాడు. 1525లో వెనిస్‌లో ఒక ఇంట నిదురించే వీనస్‌ను చూశానని ఒకాయన రాసుకున్న కాగితం దానికి సరిపోయింది. జార్జొనే వేయగా మిగిలిపోయిన పొలాలను, మన్మథుణ్ణి టిషియన్ పూర్తిచేశాడని అందులో ఉంది. బొమ్మలో మన్మథుడు కనిపించడే అంటే, 1843లో మరమ్మతు చేసినప్పుడు రంగు పూసి కప్పేశారు. తరువాతి కాలంలో ఎక్స్‌రే తీస్తే దేవత పాదాల దగ్గర మన్మథుడు కనిపించాడు. చిన్న వయసులోనే 1510లో చనిపోయిన జార్జొనేవని చెప్పగల చిత్రాలు చాలా కొద్ది. అందులో టిషియన్ చేయి ఎంత అన్న వాదన మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది.

ఆయన పేర్లు ఇవ్వడమే కాదు, ఊడబెరికాడు కూడా. అదే డ్రెస్డెన్‌లో పుస్తకం చదువుకునే మగ్దలీనా అనే చిన్న రాగి రేకు చిత్రం ఉండేది. కొరెజ్జో వేశాడని జనం విరగబడి చూసేవారు. కొరెజ్జో కాదు, చాలాకాలం తరువాతి వారి పని అని మొరెల్లి తేల్చేసరికి దాని ప్రభ తగ్గిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చిత్రం కనిపించకుండా పోయింది.

బెర్లిన్ మ్యూజియం పెద్ద విల్‌హెల్మ్ బోడె మొరెల్లి పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. చెవులు, గోళ్లు లెక్కపెట్టి చిత్రకారుడి ప్రతిభను పట్టలేమన్నది ఆయన వాదం. అందులోనూ నిజం లేకపోలేదు. గురువు చెవిని శిష్యుడు కూడా అలాగే వేయడం నేర్చుకోవచ్చు. మొరెల్లి చెప్పిన పేర్లలో కొన్ని తరువాత నిలవలేదు. కాని బోడె కూడా తప్పించుకోలేదు. 1909లో ఆయన ఫ్లోరా అనే మైనపు విగ్రహాన్ని లియొనార్డో డావిన్చీ చేసినదని నమ్మి మ్యూజియంకు కొన్నాడు. ఇంగ్లండులో ఒకాయన అది తన తండ్రి లూకస్ చేసిందన్నాడు. వివాదం వందేళ్లకు పైగా నడిచింది. 2021లో శాస్త్రజ్ఞులు ఆ మైనాన్ని పరీక్షించి 19వ శతాబ్దపుదేనని తేల్చారు. తిమింగలం కొవ్వుతో చేసిన మైనం అది.

మనసు వైద్యుడు ఫ్రాయిడ్ 1914లో రాసిన వ్యాసంలో మొరెల్లిని తలచుకున్నాడు. ఎవరూ లెక్కచేయని చిన్న గుర్తుల నుంచి దాగిన సంగతి పట్టడం తన వైద్యానికీ ఆయన పద్ధతికీ ఉమ్మడి అని భావించాడు.

మొరెల్లి 1891 ఫిబ్రవరి 28న మిలాన్‌లో చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. తాను కూడబెట్టిన వందకు పైగా చిత్రాలను బెర్గామోలోని కర్రారా చిత్రశాలకు రాసి ఇచ్చాడు. పిసనెల్లో వేసిన లియొనెల్లో ప్రభువు చిత్రం, బొట్టిచెల్లి చిత్రాలు వాటిలో ఉన్నాయి.