మూడో తరగతి చదివిన ప్రిన్సిపాల్

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మామ టిప్పర్ మంథని దాటినంక రోడ్డు పక్కన ఆగిపోయింది. పన్నెండు టైర్ల బండి, క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ గేర్లది. ఇంజను నడుస్తుంది గానీ న్యూట్రల్ దాటి ఒక్క గేరు పడ్తలేదు. ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చిన మెకానిక్ కోడ్ చూసి క్లచ్ యాక్చుయేటర్ పోయిందని తేల్చిండు. కొత్తది వేయాలంటే మామకు రెండు నెలల కిస్తీలంత ఖర్చు. అప్పుడు ఊర్లె నుంచి ఒక పెద్ద మిస్త్రీని పిలిచినం. మెకానికల్ మూడో సంవత్సరం అని తెలిసి ఆయన మల్టీమీటర్ నా చేతిలో పెట్టిండు. దాని వైర్లు ఎక్కడ ఆనించాలో నాకు తెలవలేదు.

ఆయన ముందు గాలి ట్యాంకుల ప్రెషర్ చూసిండు, నిండుగానే ఉంది. చెవి పెట్టి లీకులు విన్నడు, లేవు. బ్యాటరీ వోల్టేజీ సరిగ్గనే ఉంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్‌కూ గేర్‌బాక్స్ ఎర్త్‌కూ మధ్య, లోడ్ మీద, మీటర్ పెట్టించిండు. అర వోల్టు కూడా ఉండొద్దు, మూడు వోల్టులు చూపించింది. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు లగ్గు పచ్చగ చిలుము పట్టి ఉంది. కరెంటు సరిగ్గ అందక యాక్చుయేటర్ సగంలో ఆగుతుంటే, కంప్యూటర్ యాక్చుయేటర్ మీదే నేరం మోపింది. లగ్గు గీకి, బిగించి, కోడ్ చెరిపి, క్లచ్‌ను మళ్లీ లెర్నింగ్ చేయించిన్రు. పొద్దుగూకేసరికి బండి కదిలింది. ఖర్చల్లా మిస్త్రీ కూలీ, ఒక ఎమెరీ పేపరు.

ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టక, బండ్లను విప్పి నేర్చుకున్నోళ్ల గురించి వెతుకుతుంటే జి.డి.నాయుడు గారు దొరికిన్రు. అప్పటిదాకా పేరు విన్న గానీ, మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషని తెలవదు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టారు. ఎప్పుడో వలస వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. పసితనంలోనే తల్లి పోయింది. బడి అస్సలు పడలేదు, మూడో తరగతితో ఆ ముచ్చట ముగిసింది. పొలం పనుల్లో పడ్డ ఆ కుర్రాడు ఒకరోజు ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి నడిపే మోటార్ సైకిల్ చూశాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి మాత్రం దానంతటదే ఉరుకుతుంది. ఇక మనసు వేరే దాని మీద నిలవలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరి, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నాడు. కొన్నాక చేసిన మొదటి పని, దాన్ని ముక్క ముక్క విప్పేయడం! మళ్లీ బిగించడం, మళ్లీ విప్పడం. ఆయన చదివిన ఇంజినీరింగ్ అదే. (మనకు ఫైనల్ ల్యాబ్‌లో చూపించే ఇంజను కట్ మోడల్‌ను ముట్టుకోవాలంటేనే పర్మిషన్ కావాలి.)

మధ్యలో పత్తి వ్యాపారానికి దిగి బొంబాయిలో చేతులు కాల్చుకున్నారు. తిరిగి వచ్చాక కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ పెట్టుబడి సాయం చేశారు. దాంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే డ్రైవరై నడిపారు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయిన. అప్పటి గేర్‌బాక్సుల్లో సింక్రోమెష్ లేదు, అది కార్లలోకి వచ్చిందే 1928లో. గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి, నడుమ ఇంజను వేగాన్ని చెవితో అంచనా కట్టి పళ్ల వేగాలు కలపాలి. కొంచెం తప్పితే గరగరమని పళ్లు అరుగుతాయి. మా మామ టిప్పర్‌లో సెన్సర్లు, కంప్యూటర్ కలిసి చేసే పని కూడా సరిగ్గా అదే. నాయుడు గారు దాన్ని పాదంతో, చెవితో చేశారు. బండి ఆగితే విప్పాల్సింది కూడా ఆయనే.

ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. షేవింగ్ రేజర్, రేడియో, ఓట్లు నమోదు చేసే యంత్రం, పత్తి, బొప్పాయి మీద ప్రయోగాలు... జాబితా ఇక్కడ పట్టదు.

నన్ను ఇరకాటంలో పెట్టింది మాత్రం 1945 సంగతి. ఆ ఏడాది కోయంబత్తూరులో ఆయన చొరవతో మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. మూడో తరగతి చదివిన మనిషే దానికి ప్రిన్సిపాల్. ఇంజినీరుకు నాలుగేళ్లు దండగ, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలని ఆయన పట్టుబట్టారు. సర్కారు ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి వచ్చేశారు.

ఇందులో ఆయనది పూర్తిగా రైటని నేను అనను. ఎర్త్ వైరులో మూడు వోల్టులు పోతే యాక్చుయేటర్ ఎందుకు ఆగుతదో నాకు అర్థమైంది బేసిక్ ఎలక్ట్రికల్ పుస్తకంతోనే. కానీ మీటర్ ఎక్కడ పెట్టాలో ఆ పుస్తకం నేర్పలేదు. రెండేళ్లా నాలుగేళ్లా అన్నది పక్కన పెడితే, మూడేళ్లలో నేను ఒక్క నట్టూ విప్పలేదన్నది నిజం.

ఆయన కోపం కూడా చిన్నది కాదు. 1952లో రెండు వేల రూపాయలకే ఇవ్వగలిగే ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేస్తే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పన్నుల మీద నిరసనగా తను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టించారు. ఇది మాత్రం నాకు మింగుడు పడలేదు. విప్పి బిగించడమే బతుకైన మనిషి అవి పగులుతుంటే ఎట్ల చూడగలిగిండో!

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన పేరుతో మ్యూజియం ఉంది, పాత కార్లను విప్పి చూపించే విభాగాలూ ఉన్నాయట. మామకు ఇదంతా చెప్తే, ఆ పాత బస్సు గేర్‌బాక్స్ అక్కడ ఉంటదా అని ఒక్కటే అడిగిండు. పోయి చూడాలె. ఈలోపు ఆదివారాలు పెద్ద మిస్త్రీ షెడ్డుకు పోతున్న. ఇప్పటికైతే నాకు ఇచ్చిన పని ఒక్కటే, లగ్గులు గీకుడు.