మౌల్వీ ఉమర్ ఆలీషా కవి

ఇంట ఉర్దూ పలికి, తరగతిలో తెలుగు పద్యము వల్లించి, తాము ఏ భాషకు చెందినవారమో తేల్చుకొనలేని విద్యార్థులను మేము ప్రతి ఏటా చూచుచునే యున్నాము. అట్టివారు ముఖ్యముగా తెలిసికొనదగినది ఉమర్ ఆలీషాగారి జీవితము.

ఆలీషాగారు 1885 ఫిబ్రవరి 28న పిఠాపురమున సూఫీ గురువుల వంశములో జన్మించిరి. తండ్రి మొహియుద్దీన్ బాద్షాగారి అనంతరము అచ్చటి శ్రీ విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠమునకు ఆరవ అధిపతులైరి. అరబ్బీ పారశీకములతోపాటు సంస్కృతాంధ్రములను కూడ క్షుణ్ణముగా అభ్యసించిరి. అవధానములు చేసి పండితుల మెప్పు పొందిరి. అవధానమనగా సామాన్యమైన పరీక్ష కాదు. పృచ్ఛకులు నలువైపుల నుండి అడుగు సమస్యలను, దత్తపదులను అప్పటికప్పుడు పద్యములలో పూరించి, చివరకు అన్నింటిని ధారణ చేసి అప్పగింపవలెను. యతిప్రాసలు కవి మతమును అడుగవు. తప్పినచో ఎవరినీ మన్నింపవు.

మౌల్వీయైన ఈ కవి అనసూయ కథను నాటకముగా వ్రాసిరి. మహమ్మదు ప్రవక్త చరిత్రమును కూడ తెలుగుననే రచించిరి. ఒకటి పరాయిది, మరొకటి తనది యను భేదము వారికి లేదు. ఉమర్ ఖయ్యాము రుబాయీలను ఆంగ్లము మీదుగా గాక, పారశీకము నుండియే తెనిగించిరి. ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆ కాలముననే ఆదిభట్ల నారాయణదాసుగారు, దువ్వూరి రామిరెడ్డిగారు కూడ పారశీకము నేర్చి ఖయ్యామును తెలుగువారికి అందించిరి. హిందువులకు పారశీకము పరాయిది కానపుడు, ముస్లిములకు తెలుగు మాత్రము పరాయిది ఎట్లగును?

కవిత్వము వారిని ప్రజాజీవితమునకు దూరము చేయలేదు. 1934 ఎన్నికలలో ఏర్పడిన కేంద్ర శాసనసభలో ఉత్తర మద్రాసు ముస్లిముల ప్రతినిధిగా సభ్యులైరి. మత ప్రాతిపదికపై ఓట్లు విడదీసిన ఆ రోజులలో వారిని ఢిల్లీకి పంపినది ముస్లిము ఓటర్లు. కవిగా గౌరవించినది తెలుగువారందరు. ఈ రెండు గౌరవములకై వారు పేరు మార్చుకొనలేదు, వంశాచారమును దాచుకొనలేదు. 1945 జనవరి 23న పరమపదించిరి.

విద్యార్థులారా! ఉర్దూ మన ఇంటి వెలుగు. తెలుగు మనము పుట్టిన నేల పలుకు. ఒకదానికై రెండవదానిని విడువనక్కరలేదని ఆలీషాగారి జీవితము చాటుచున్నది. అయితే రెండింటిపై హక్కు కోరువారు రెండింటికై శ్రమింపవలెను. వారు అట్లు శ్రమించిరి గనుకనే తెలుగు సాహిత్యమున వారి పేరు నిలిచియున్నది.